వోచరు లేని పద్దు

మా నాన్న తద్దినం నాడు ఫోను మోగింది.

పీట మీద కూర్చుని ఉన్నాను. వేలికి దర్భ పవిత్రం, ఎదురుగా ఆకులో నువ్వులు, అన్నం ముద్దలు. ఫోను కిటికీ గూట్లో పెట్టాను. ఒకసారి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగేసరికి పురోహితుడుగారు మంత్రం ఆపేసి నా మొహంలోకి చూశారు.

"ఆ ఫోనేదో చూసి రండి నాయనా. పితృదేవతలు ఆగుతారు. వాళ్ళకేం తొందర లేదు."

లేచి వెళ్ళి ఎత్తాను. షావుకారుగారు.

"అబ్బాయ్, మొన్న సూరత్ నుంచి వచ్చిన బేళ్ళ ఎల్ఆర్ ఎక్కడ పెట్టావ్?"

"ఎడమ పక్క రెండో సొరుగండి. ఆకుపచ్చ ఫైల్లో."

"ఆఁ... ఉందుంది. కార్యం బాగా జరుగుతోందా?"

"జరుగుతోందండి."

"మంచిది. సాయంత్రం వీలు చూసుకుని ఒక్కసారి కనబడు."

సాయంత్రం కనబడ్డాను. అది ఆజ్ఞేమీ కాదు, 'వీలు చూసుకుని' అనే అన్నారు. వెళ్ళకపోతే జీతం కోసేవారు కాదు, పనిలోంచి తీసేసేవారూ కాదు. అయినా భోక్తలు లేచిన రెండు గంటలకల్లా పంచె విప్పి ప్యాంటు తగిలించుకుని వన్‌టౌన్‌లో ఉన్నాను. పొద్దున ఫోన్లో అడిగిన ఆ ఎల్ఆర్, అదే లారీ రసీదు, బల్ల మీద పడి ఉంటే తీసి మళ్ళీ ఆకుపచ్చ ఫైల్లో పెట్టాను. అరనిమిషం పని. వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని ఉంటే పడే బాధ ఉందే, అది తెల్లవార్లూ ఉండేది. అందుకని వెళ్ళాను. ఈ కథనం ఆ బాధ గురించే.

విజయవాడ వన్‌టౌన్‌లో ఆ హోల్‌సేల్ బట్టల కొట్లో ఏడేళ్ళకి పైగా చేశాను. నియామకపు కాగితం అంటూ ఏదీ లేదు. బ్యాంకు ఫారాల్లో అకౌంటెంట్ అని రాసుకునేవాణ్ణి, బజారులో మాత్రం గుమస్తానే. పొద్దున తొమ్మిదిన్నరకి వెళితే రాత్రి కొట్టు కట్టేదాకా. లారీ ఆఫీసు నుంచి బేళ్ళు విడిపించడం, ఈ-వే బిల్లులు, ట్యాలీ, లైను మీద తిరిగే కుర్రాళ్ళు తెచ్చే వసూళ్ళు, 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బి. ఇవన్నీ నా పనే, వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. వీటి పక్కన మొలిచిన పనులున్నాయి చూశారూ, వాటితోనే పేచీ. షావుకారుగారి మనవడి స్కూలు ఫీజు ఆన్‌లైన్‌లో కట్టడం, అమ్మగారి గ్యాసు బుకింగు, వియ్యంకుడుగారికి తత్కాల్ టికెట్టు, ఆదివారం 'ఓ గంట' లెక్కలు, రాత్రి 10:40కి "పడుకున్నావా?" అని మెసేజ్. పడుకున్నవాడు ఆ ప్రశ్నకి ఏమని జవాబిస్తాడు?

ఇదంతా ఒక్కరోజులో వచ్చి పడలేదు. పొలం ఉన్నవాళ్ళకి తెలుసు, పక్క చేనువాడు అరెకరం ఒక్కసారిగా కలుపుకోడు. దుక్కి దున్నేటప్పుడు గట్టుని ఒక చాలు మేర గీకుతాడు. మరుసటేడు ఇంకో చాలు. చాలు మట్టి కోసం తగువేమిటని మనం ఊరుకుంటాం. పదేళ్ళ తరవాత చూసుకుంటే గట్టు మీద ఇద్దరు నడిచే చోట ఒక్క కాలు పెట్టడం కష్టమవుతుంది. హద్దురాయి వేయించాలంటే సర్వేయరు రావాలి, ఇద్దరూ నిలబడాలి, నలుగురూ చూడాలి. ఈ మధ్య అందరూ 'బౌండరీలు' అంటున్నారు గానీ ఆ మాట వింటే నాకు క్రికెట్టే గుర్తొస్తుంది. నాకు హద్దే నయం. హద్దు అనగానే అవతల కూడా ఒక మనిషి ఉన్నాడని తెలుస్తుంది.

ఇంటి మనిషి

ఎందుకు ఊరుకున్నానంటే, షావుకారుగారు చెడ్డవారు కాదు. చెడ్డవాడైతే సులువు. మనసులో రోజూ తిట్టుకుని, వేరేచోట పని దొరికిన రోజున బయటపడొచ్చు. మా షావుకారుగారు సంక్రాంతికి బట్టలు పెట్టేవారు. మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే క్యారేజీ పంపారు. చెల్లెలి పెళ్ళికి 60,000 అడ్వాన్సు ఇచ్చారు, వడ్డీ మాట ఎత్తలేదు. ఎవరైనా పెద్ద పార్టీ కొట్టుకొస్తే నన్ను చూపించి "మా అబ్బాయే, మా ఇంటి మనిషి" అనేవారు. ఆ మాటకి నాకు ఒళ్ళు పొంగేది. ఇంటి మనిషికి ఓవర్‌టైమ్ ఉండదని చాలా రోజులదాకా తట్టలేదు.

ఆ 60,000 నెలకు 2,500 చొప్పున నా జీతంలోంచే పట్టుకున్నారు. ఇరవై నాలుగు నెలలు. ఆఖరి నెల 'అడ్వాన్సు ఖాతా నిల్' అని ట్యాలీలో కొట్టింది కూడా నేనే. లెక్క ప్రకారం ఆ రోజుతో బాకీ చెల్లు. కానీ ఆ రాత్రి కూడా "పడుకున్నావా?" అని మెసేజ్ వస్తే, 'అవసరానికి ఆదుకున్న మనిషి' అనుకుంటూనే లేచి కూర్చున్నాను. బాకీ ఒక పద్దు, కృతజ్ఞత ఇంకో పద్దు. మొదటిది తీరుతుంది, రెండోది తీరదు, తీరనక్కర్లేదు కూడా. నేను చేసిన పొరపాటల్లా, కృతజ్ఞతని బాకీ ఖాతాలో రాసి దాని మీద రోజూ వడ్డీ కట్టడం.

ఈ పొరపాటు నా ఒక్కడిదీ కాదు. మన భాషలోనే ఉంది. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటాం. రైతు ఇంట పాలేరు ఏడాది లెక్కన కుదిరేవాడు, పశువుల కొట్టంలోనే పడక. అర్ధరాత్రి గేదె ఈనితే లేచేది అతనే, అతనికి 'పని వేళలు' అనే మాటకి అర్థమే లేదు. తెలంగాణలో వెట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. 'బాంచెన్ దొరా, నీ కాల్మొక్త' అన్న మాట మన తాతలు విన్నదే. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది 1976లో, అంటే ఈ పేజీ చదివేవాళ్ళలో కొంతమంది అప్పటికే పుట్టి ఉంటారు. ఆ లెక్కన చూస్తే, మేనేజరు పేరు ఫోన్లో కనబడగానే మంచం మీంచి లేచి నిలబడి మాట్లాడేవాణ్ణి చూసి నవ్వడానికేమీ లేదు. నేనూ నిలబడే మాట్లాడేవాణ్ణి.

అసలు ఉప్పు ఎవరిది? నెలంతా పని చేశాక ముప్ఫయ్యో తారీఖున ఇచ్చేదాన్ని జీతం అంటారు. అంటే ఆ నెలంతా నా శ్రమ ఆయన దగ్గర అప్పుగా ఉన్నట్టే. పద్దు పుస్తకాలు రాసినవాడికైనా ఈ సంగతి ముందే తట్టి ఉండాల్సింది.

పచ్చచుక్క

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడికి షావుకారు లేడు, ఒక మేనేజరు, ఆ మేనేజరుకి అమెరికాలో ఇంకో మేనేజరు. అక్కడ తెల్లారేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు కాల్ మొదలవుతుంది. అది వాడి పనిలో భాగమే, ఒప్పుకునే చేరాడు. వాణ్ణి తినేసింది కాల్ కాదు, పచ్చచుక్క. టీమ్స్‌లో పేరు పక్కన వెలిగే ఆ చుక్క కాసేపు కదలకపోతే పసుపు అవుతుంది. పసుపు చూసి ఎవరూ ఏమీ అనలేదు. అయినా వీడు అన్నం తినేటప్పుడు చేతి గడియారం బల్ల మీద పెట్టి దాని సెకండ్ల ముల్లు మీద మౌసు ఆనించి వెళ్ళేవాడు. ముల్లు తిరుగుతుంటే మౌసు కదిలినట్టు లెక్క. చుక్క పచ్చగానే ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఇంజినీరు, పెరుగన్నం తినడానికి ఇంత ఏర్పాటు.

ఇలాంటి వేషాల మీద ఎరిన్ రీడ్ అనే పరిశోధకురాలు అమెరికాలో ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో పని చేసేవాళ్ళని మాట్లాడించి 2015లో ఒక వ్యాసం ప్రచురించింది. కొందరు మగవాళ్ళు నిజంగానే రాత్రింబవళ్ళు పనిచేస్తున్నారు. ఇంకొందరు చప్పుడు చేయకుండా పనిని సర్దుకుని, పిల్లల దగ్గరికి పోతూ, చూసేవాళ్ళకి మాత్రం రాత్రింబవళ్ళు చేస్తున్నట్టే కనబడుతున్నారు. పై అధికారులు ఈ రెండో రకాన్ని కనిపెట్టలేకపోయారు, ఇద్దరికీ మంచి మార్కులే వేశారు. నోరు తెరిచి పని తగ్గించమని అడిగినవాళ్ళకే మార్కులు తగ్గాయి. అడగడంలో నష్టం లేదని చెప్పేవాళ్ళని నేను నమ్మను. ఉంది. కాకపోతే ఆ అధికారులు ఏది చూసి మార్కులు వేశారో కూడా గమనించండి. పనిని కాదు, వేషాన్ని.

ఇంకో సంగతి. మా షావుకారుగారు 10:40కి మెసేజ్ పెట్టి హాయిగా నిద్రపోయేవారట. ఆ మాట చాలా కాలం తరవాత వాళ్ళబ్బాయే చెప్పాడు. 'గుర్తొచ్చినప్పుడు పెట్టేస్తారు, మీరు పొద్దున చూసుకుంటారని' అన్నాడు. మేలుకున్నది నేనొక్కణ్ణే. లారా జుర్జ్, వెనెస్సా బోన్స్ అనే ఇద్దరు 2021లో సరిగ్గా ఈ విషయాన్నే తేల్చారు. వేళ కాని వేళలో వచ్చే తొందర లేని ఉత్తరాలకి ఎంత త్వరగా జవాబివ్వాలో, పంపినవాళ్ళు అనుకునేదానికంటే అందుకున్నవాళ్ళు ఎక్కువగా ఊహించుకుంటారట. పంపేవాళ్ళు 'ఇది తొందర లేదు, రేపు చూడండి' అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ ఊహ చాలావరకు దిగిపోతుందని కూడా చూపించారు. ఆ ఒక్క ముక్క రాసే షావుకార్లు ఎక్కడున్నారో వెతకాలి.

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఒక సాఫ్ట్‌వేర్ పెద్దాయన అన్నారు. 2025 జనవరిలో ఇంకో పెద్ద కంపెనీ ఛైర్మన్ దాన్ని 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య మొహం చూస్తారని అడిగారు. దానికి దేశంలో ఆడవాళ్ళు చెప్పాల్సిన జవాబులన్నీ చెప్పేశారు కాబట్టి నేను ఒక పాత లెక్క మాత్రం చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళ చిట్టాలు దొరికితే, స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ వాటిని మళ్ళీ లెక్కగట్టారు. వారానికి 70 గంటలు చేసినా 56 గంటలు చేసినా తయారైన సరుకులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పై 14 గంటలూ ఒట్టి ఒంటి నొప్పులు. వారంలో ఒక రోజు సెలవు లేకపోతే ఆ వారం మొత్తం మీద సరుకు తగ్గింది కూడా. ఒళ్ళు సంగతైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. వారానికి 55 గంటలు, ఆ పైన చేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె జబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2024లో పుణేలో ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే కన్నుమూసిన 26 ఏళ్ళ చార్టర్డ్ అకౌంటెంట్ గురించి ఆమె తల్లి కంపెనీకి రాసిన ఉత్తరాన్ని దేశమంతా చదివింది. పుస్తకాలు రాసే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక నేను దాన్ని రెండోసారి చదవలేకపోయాను.

"రేపు రానమ్మా"

ఇవన్నీ తెలిశాక మారానని చెబితే అబద్ధం. నేను మారింది మా పనమ్మాయిని చూసి.

ఆమె నాలుగిళ్ళలో చేస్తుంది. ఒకరోజు మా ఆవిడతో గడపలో నిలబడి "రేపు రానమ్మా" అంది. అంతే. ఒంట్లో బాగాలేదనీ, చుట్టాలొచ్చారనీ ఏమీ చెప్పలేదు. మా ఆవిడ "ఎందుకే?" అంటే, "పనుందమ్మా" అంది. "రేపు మా ఆడపడుచు వాళ్ళొస్తున్నారే, ఎల్లుండి పెట్టుకోరాదూ?" "కుదరదమ్మా. ఎల్లుండి పెందరాళే వస్తా." చీపురు మూల పెట్టి వెళ్ళిపోయింది. ఆమె మొహంలో జంకు లేదు, విసురూ లేదు. రేపు ఆదివారం అని చెప్పినట్టు చెప్పింది.

ఆ సాయంత్రం నేనూ మా ఆవిడా ఆమె మీద కాసేపు సణిగాం. 'ఇంత బాగా చూసుకుంటున్నాం, పండక్కి చీర పెట్టాం' అన్నాను. అనగానే మా ఆవిడ నా వైపు అదోలా చూసింది.

"ఇది మీ షావుకారు గొంతులా ఉందే" అంది.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు, మెసేజ్ రాకపోయినా. నేను సెలవడిగేటప్పుడు ఏం చేస్తానో గుర్తు చేసుకున్నాను. ఒక్క పూట సెలవుకి మూడు కారణాలు చెప్పేవాణ్ణి. అమ్మకి బీపీ, బ్యాంకులో పని, బండి రిపేరు. కారణం చెప్పగానే ఆయన దాన్ని పట్టుకునేవారు. 'బీపీయేగా, మాత్ర వేయించి రా.' 'బ్యాంకు పని మనవాడు చేసిపెడతాడులే.' కారణం చెప్పడమంటే బేరానికి పిలవడమే. బజారులో ఆరేళ్ళున్నాను, రేటు చెప్పాక నోరు మూసుకోవాలన్న సంగతి నాకు తెలియదా? బట్టకి తెలుసు, నాకు తెలియలేదు.

ఇంకోటి కూడా ఉంది. పనమ్మాయికి నాలుగిళ్ళు. మేము కాదంటే మూడిళ్ళున్నాయి. పైగా మేమెంత 'మా మనిషి' అన్నా ఆమె ఆ మాటని చెవిన పెట్టలేదు, ఆమెకి తన ఇల్లు ఎక్కడుందో బాగా గుర్తుంది. నాకు కొట్టు ఒక్కటే. అందుకే మొదటి పనిగా, షావుకారుగారితో మాట్లాడేముందు, ఇద్దరు చిన్న వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు ఇంటి దగ్గర చేసిపెట్టడానికి ఒప్పుకున్నాను. వచ్చే డబ్బు కొంచెమే. కానీ రెండో ఇల్లు ఉందన్న ధైర్యానికి అది సరిపోయింది.

హద్దు పెట్టండి అని సలహా చెప్పేవాళ్ళు ఈ సంగతి దాటేస్తారు. మా బంధువులబ్బాయి ఒకడు డల్లస్‌లో హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకుని బయల్దేరాలి. ఇల్లు, కారు, పిల్ల బడి, అన్నీ ఆ 60 రోజుల మీద నిలబడి ఉన్నాయి. రాత్రి పదింటికి ఫోను ఎత్తొద్దని అతనికి నేను చెప్పను. వేసవిలో అడ్మిషన్ల కోసం గడప గడపా తిరిగే ప్రైవేటు కాలేజీ లెక్చరర్లకీ చెప్పను. ఎంతమంది పిల్లల్ని చేర్పిస్తే జూన్‌లో అంత మర్యాద. ఫోను ఎత్తుతున్నందుకు తమని తాము పిరికివాళ్ళనుకోవద్దని మాత్రం చెబుతాను. అది లెక్క చూసుకుని చేస్తున్న పని.

ఒక్కడి వల్ల కానిది నలుగురి వల్ల అవుతుందని మా పిన్ని కొడుకు చూపించాడు. వాడి టీములో ఐదుగురు కూర్చుని రాత్రి ఫోన్లకి వంతులు వేసుకున్నారు. మీ వంతు కాని రాత్రి మీ చుక్క ఏ రంగులో ఉన్నా ఎవరికీ పట్టదు. ఇలాంటిదే అమెరికాలో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులో లెస్లీ పెర్లో అనే ఆచార్యురాలు చేయించి చూసింది. వారానికి ఒక రాత్రి ఫోను, మెయిలు లేకుండా ప్రతి ఒక్కరికీ ముందే రాసిపెట్టారు. మొదట్లో ఆ సెలవు వద్దని మొండికేసింది సెలవు దొరికినవాళ్ళేనట. ఆశ్చర్యం లేదు. ఒక్కడు అడిగితే పొగరు అంటారు, నలుగురు కలిసి పెట్టుకుంటే దాని పేరు రోస్టరు.

బోణీ అయ్యాక

సంక్రాంతి సీజను అయిపోయేదాకా ఆగాను. సీజన్లో ఇలాంటి మాట ఎత్తితే అది బెదిరింపు అవుతుంది. ఆ రోజు పొద్దున బోణీ అయ్యేదాకా కూడా ఆగాను. బోణీ కాకముందు 'కుదరదు' అన్న మాట వినిపిస్తే ఆ రోజు నష్టాలన్నీ నా ఖాతాలో పడేవి. నూజివీడు పార్టీ ఒకాయన రెండు తానులు తీసుకుని నగదు కట్టి వెళ్ళాడు. షావుకారుగారు నోట్లు కళ్ళకద్దుకుని గల్లాలో వేశారు. అప్పుడు వెళ్ళి నిలబడ్డాను.

"ఇకనుంచి రాత్రి తొమ్మిది దాటాక ఫోను ఎత్తనండి. పొద్దున ఎనిమిదిన్నరకి నేనే చేస్తాను. ఆదివారం రానండి. 11వ తారీఖుకీ 20వ తారీఖుకీ ముందు రెండ్రోజులు మాత్రం ఎంత పొద్దుపోయినా ఉంటాను."

రాత్రి అద్దం ముందు పదిసార్లు అనుకున్న మాటలు. ఎక్కడా 'మీరు అలా చేస్తున్నారు, ఇలా చేస్తున్నారు' అని లేదు. ఆయన ఫోను చేయడం మానాలని అడగలేదు. చేసుకోవచ్చు, ఆయన ఫోను ఆయనిష్టం. నేనేం చేస్తానో చెప్పాను.

"ఏం, ఎందుకని?" అన్నారు.

అమ్మకి బీపీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. "కుదరదండి" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. నా వెనక గోడ మీదున్న క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయారు. నేను వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చున్నాను. పదకొండుకి టీ కుర్రాడు వచ్చాడు. షావుకారుగారు వేళ్ళు చూపించి "నాలుగు" అన్నారు. మేం ఐదుగురం. ఆరేళ్ళలో ఎప్పుడూ ఐదే. కుర్రాడు నన్ను చూసి, ఆయన్ని చూసి, నాలుగు గ్లాసులు పెట్టి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు నాకు టీ రాలేదు.

టీ ఎంత, పది రూపాయలు. బయటికెళ్ళి తాగొచ్చు, తాగాను కూడా. కానీ ఆ నాలుగు గ్లాసులు చూసినప్పుడల్లా పెళ్ళి అడ్వాన్సు, ఆసుపత్రి క్యారేజీ, సంక్రాంతి చొక్కా వరసగా కళ్ళముందుకొచ్చేవి. నేను చేసింది ద్రోహమేమో అనిపించేది. మొదటిరాత్రి 9:20కి ఫోను మోగింది. సైలెంటులో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాను. ఫ్రిజ్ రేకు మీద అది గుర్రుమంటుంటే వంటింట్లో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టుంది. మా ఆవిడ లేచి వెళ్ళి దాని కింద చేతిగుడ్డ మడిచి పెట్టి వచ్చింది.

ఆ రాత్రే నా అలవాటు కొద్దీ ఒక పని చేశాను. ఆడిటరుగారు మాకు నేర్పినది ఒకటే, ఏ పద్దుకైనా వోచరు చూపించాలి. ఖర్చు రాశావా, కాగితం ఏది? కాగితం లేకపోతే కొట్టెయ్. ఈ బాధకి వోచరు ఏది? నా మూలంగా ఏ పని చెడింది? ఎవరికి ఎంత నష్టం? నేను 20వ తారీఖున రిటర్ను వేయకుండా సినిమాకి పోయి ఉంటే, రోజుకి 50 రూపాయల లేటు ఫీజు ఆయన మీద పడేది. ఆ బాధకి వోచరు ఉంటుంది, దాన్ని నేను మోయాలి, మోస్తాను. ఈ రాత్రి దానికి లేదు. ఎంత వెతికినా ఒక్క కాగితం దొరకలేదు. అలాగని బాధ పోయిందా? పోలేదు. కానీ అది ఏ ఖాతాదో తెలిసింది. బాధ పోయాక హద్దు పెడదామని ఆరేళ్ళు కూర్చున్నవాణ్ణి. అది హద్దు పెట్టాకే పోవడం మొదలుపెడుతుంది, అదీ ఒక్కసారిగా కాదు.

పొద్దున ఎనిమిదిన్నరకి ఫోను చేస్తే షావుకారుగారు "దొరికిందిలే" అన్నారు. ఏం దొరికిందో అడగలేదు. నలభై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్న మనిషికి తన కొట్లో తన సొరుగు తెరవడం రాకుండా చేసింది నేనే. 'నేను లేకపోతే ఈ కొట్టు ఒక్క పూట నడవదు' అనే గర్వం నాలో కొంచెం కాదు, చాలానే ఉండేది. ఆయన "దొరికిందిలే" అన్నప్పుడు తేలికపడాలి కదా. కొంచెం చివుక్కుమంది.

నాలుగో రోజు కుర్రాడు అలవాటుగా నాలుగు గ్లాసులు తెచ్చాడు. షావుకారుగారు తల ఎత్తకుండానే, "ఐదురా" అన్నారు.

పదో తారీఖు, జూన్

ఆదివారం రానన్నప్పుడు నాకు చట్టం తెలియదు. తరవాత చూశాను. రెండు తెలుగు రాష్ట్రాల్లో కొట్లకీ ఆఫీసులకీ వర్తించే షాపులు, సంస్థల చట్టం 1988 నాటిది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు అందులోనే ఉంది. నేను దయతలచమన్నట్టు అడిగింది నాకు రాసిచ్చినదే. పని గంటల సంగతి మాత్రం ఈ మధ్య కాస్త అటు జరిగింది. తెలంగాణ 2025 జులైలో, దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటలదాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ కట్టాలంది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది అదే దారి పట్టింది.

ఆదివారం మనకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఏడు రోజులూ పనే. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టి ఏళ్ళ తరబడి అడిగితే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. మీరు కాఫీ తాగుతూ ఇంట్లో కూర్చునే ఆదివారం పూట వెనక ఆ ఆరేళ్ళున్నాయి.

పని అయిపోయాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కుని ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుంచి చట్టంలో పెట్టాయి. మనదగ్గర సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో అలాంటి బిల్లు పెట్టారు, 2025 డిసెంబరులో మళ్ళీ పెట్టారు. అది ప్రైవేటు సభ్యుల బిల్లు. 1970 తరవాత అలాంటి బిల్లు ఒక్కటి కూడా పార్లమెంటు దాటి చట్టమైంది లేదు. కాబట్టి మనకి ప్రస్తుతానికి ఫ్రిజ్జూ, చేతిగుడ్డే దిక్కు.

ఆ తరవాత ఇంకో ఏడాదికి పైగా అదే కొట్లో చేశాను. మానేసింది వేరే కారణానికి. షావుకారుగారు రాత్రి ఫోన్లు పూర్తిగా మానలేదు. నెలకి ఒకటో రెండో వచ్చేవి. ఆదివారాలు వాళ్ళబ్బాయి వచ్చి కూర్చునేవాడు. వియ్యంకుడుగారి టికెట్లు ఎవరు తీసేవారో తెలుసుకోలేదు. ఆఖరి రోజున నాకు పంచెల చాపు పెట్టి, "ఇంటి మనిషివి, వస్తూ పోతూ ఉండు" అన్నారు. ఈసారి ఆ మాట హాయిగానే ఉంది. ఇప్పుడు ఆ ఇంటికి నేను చుట్టాన్ని.

రాత్రి ఫోను ఎత్తనని నేను చెప్పిన ఏడాది కూడా నాన్న తద్దినం వచ్చింది. అదే పీట, అదే పురోహితుడుగారు. ఫోను కిటికీ గూట్లోనే పెట్టాను. మంత్రాలు సాగుతున్నాయి. ఫోను మోగలేదు. పిండాలు పెట్టేటప్పుడు ఒకసారి తల తిప్పి గూటి వైపు చూశాను. నీళ్ళు వదిలేటప్పుడు ఇంకోసారి చూశాను.

పురోహితుడుగారు మంత్రం ఆపి, నేను ఇటు తిరిగేదాకా చూసి, మళ్ళీ ఎత్తుకున్నారు.